స్కూలు వదిలాక పాపను గదిలో ఆపేశారు, ఇంటికి కబురు లేదు. ఇలా చేయొచ్చా?

నిజాంపేట_అమ్మ

మా పాప ఏడో తరగతి. మొన్న మంగళవారం వ్యాను వచ్చింది, పాప దిగలేదు. డ్రైవర్ని అడిగితే "మేడమ్ వాళ్ళు ఆపారండీ, డిటెన్షనంట" అనేసి వెళ్ళిపోయాడు. స్కూలుకి ఫోన్ చేస్తే మోగుతోంది, ఎవరూ ఎత్తరు. మా ఆయన ఆఫీసు నుంచి బండి మీద పరిగెత్తారు. వెళ్ళేసరికి ల్యాబ్ పక్కన చిన్న గదిలో ఏడెనిమిది మంది పిల్లలు, తలుపుకి బయట గడియ. లోపల టీచరు లేరు. వరండాలో ఆయా ఒక్కతే ఫోన్ చూసుకుంటూ కూర్చుంది. ఇంతకీ పాప చేసిన నేరం సోషల్ నోట్స్ పూర్తి చేయకపోవడం.

మర్నాడు వెళ్ళి అడిగితే అడ్మిషన్ అప్పుడిచ్చిన హ్యాండ్‌బుక్ తీసి చూపించారు. "క్రమశిక్షణ చర్యల్లో భాగంగా డిటెన్షన్" అని ఒక్క లైను, చివరి పేజీలో నా సంతకం. ఇంకో సంగతి పాప చెప్పింది. ఆ గదిలో ఇద్దరికి నోట్స్ అన్నీ ఉన్నాయట, వాళ్ళది టర్మ్ ఫీజు బాకీ.

గొడవ పెట్టుకోవాలని లేదు. ఏడాది మధ్యలో స్కూలు మార్చలేం. కానీ వాళ్ళు ఇలా చేయొచ్చా? కూడదంటే ఏ మాట పట్టుకుని అడగాలి?

బ్యాక్‌లాగ్_బాబు

డిటెన్షన్ అని చూసి నా కోసమే థ్రెడ్ పెట్టారనుకుని వచ్చా. సెకండియర్‌లో అటెండెన్స్ 65 శాతం దాటక డిటైన్ అయినవాణ్ణి, అంటే పరీక్ష రాయనివ్వకుండా ఆపేశారు. 75 ఉంటే హాయి, 65కీ 75కీ మధ్య ఉంటే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి తగ్గిన హాజరుని మన్నించమని కాండొనేషన్ ఫీజు కట్టాలి, 65 లోపల ఉంటే దేవుడే దిక్కు. మా నాన్న ఇప్పటికీ యూనివర్సిటీ వాళ్ళే రిజల్ట్స్ లేటు చేశారనుకుంటున్నారు, ఎవరూ చెప్పకండి.

అక్కా, మీ సంగతి మాత్రం సీరియస్. బయట గడియ ఏంటి అసలు?

రిటైర్డ్_హెచ్‌ఎం

గడియ పెట్టడం తప్పే, అందులో రెండో మాట లేదు. అయితే పిల్లను ఆపడమే నేరమన్నట్టు మాట్లాడకండి. బెత్తం వద్దన్నారు, మానేశాం. బెంచీ ఎక్కించొద్దన్నారు, మానేశాం. గోడకుర్చీ వద్దన్నారు, సరే. నలభై మంది క్లాసులో పది మంది నోట్స్ రాయకుండా వస్తే టీచరు ఏం చేయాలో కూడా ఎవరైనా చెప్పాలిగా. ఓ అరగంట కూర్చోబెట్టి రాయించడం నాకు తెలిసినంతలో అన్నిటికన్నా మెత్తటి శిక్ష. మా రోజుల్లో ఏడో తరగతి కామన్ పరీక్ష ముందు సాయంత్రాలు లాంతరు పెట్టి చదివించేవాళ్ళం, తల్లులే వచ్చి మజ్జిగ ఇచ్చి వెళ్ళేవారు.

గోదారి_గట్టు

మాస్టారూ, ఆ మజ్జిగ తెచ్చిన తల్లికి పిల్లవాడు ఎక్కడున్నాడో తెలుసు. ఇక్కడ తెలియదు. తేడా అంతా అక్కడే ఉంది.

లా_పాయింట్

అడిగారు కాబట్టి కొంచెం పొడుగ్గానే చెప్తాను.

మొదటిది విద్యాహక్కు చట్టం, 2009. సెక్షన్ 17 ప్రకారం పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు. నోట్స్ రాయలేదని అరగంట ఆపడాన్ని దాని కిందకి లాగడం కష్టం. గడియ పెట్టి, పెద్దవాళ్ళు ఎవరూ లోపల లేకుండా, ఇంటికి చెప్పకుండా ఆపితే అప్పుడు బలం వస్తుంది.

రెండోది భారతీయ న్యాయ సంహిత, సెక్షన్ 127. పాత ఐపీసీలో 342 అనేవాళ్ళం. ఒక మనిషిని ఓ హద్దు దాటి కదలనీయకుండా అక్రమంగా ఆపితే ఏడాది వరకు జైలు, లేదా 5,000 వరకు జరిమానా, లేదా రెండూ. ఇంతసేపు ఆపితేనే నేరం అని సెక్షన్‌లో లేదు.

ఇక మీ సంతకం. దీనికి స్కూళ్ళ దగ్గర ఒక జవాబు ఎప్పుడూ రెడీగా ఉంటుంది. పన్నెండేళ్ళ లోపు పిల్లల విషయంలో, వాళ్ళ మేలు కోసం, మంచి ఉద్దేశంతో, గార్డియన్ ఒప్పుకోలుతో చేసిన పనికి చట్టంలో మినహాయింపు ఉంది. ఏడో తరగతి అంటున్నారు కాబట్టి మీ పాప ఆ వయసు దాటే ఉండొచ్చు. దాటకపోయినా ఫీజు బాకీ కోసం కూర్చోబెట్టిన ఆ ఇద్దరి సంగతికి ఆ మినహాయింపు అతకదు. అది ఏ పిల్ల మేలు కోసం? అప్పు తండ్రిది, కూర్చున్నది బిడ్డ. నేనైతే నోట్స్ మాట పక్కన పెట్టి ఆ రెండో సంగతే పట్టుకుంటాను.

నిజాంపేట_అమ్మ

@లా_పాయింట్ గారూ, పోలీసుల దాకా వెళ్ళే ఉద్దేశం లేదండీ. ఆ ఫీజు పిల్లలు మా పిల్లలు కారు. వాళ్ళ అమ్మానాన్నలు నోరు మెదపట్లేదు, నేనెలా అడగను?

లా_పాయింట్

వెళ్ళమని అనడం లేదు. సెక్షన్ తెలిస్తే ఉత్తరంలో మీ గొంతు మారుతుంది, అంతే. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఏ పిల్ల తరఫునైనా ఎవరైనా ఫోన్ చేయొచ్చు, మీ సొంత పిల్లే కానక్కర్లేదు.

డాలస్_దాసు

ఇక్కడ అమెరికాలో మా వాడు మిడిల్ స్కూల్. వాడికి కిందటేడు డిటెన్షన్ పడింది, లంచ్‌లో ఎవడి మీదో కెచప్ పిండాడని. ముందు రోజే ఇంటికి స్లిప్పు వచ్చింది. ఏ తారీఖు, ఏ గది, ఎన్ని గంటలకి మొదలు, ఎన్నింటికి వదులుతారు, బస్సు ఉంటుందా, మేం తీసుకెళ్ళాలా, కూర్చోబెట్టే టీచరు ఎవరు, అన్నీ అందులో ఉన్నాయి. కింద నా సంతకం. హ్యాండ్‌బుక్ మీద ఏడాదికోసారి పెట్టే సంతకం కాదు, ఆ రోజుకి ఆ సంతకం. మీ స్కూల్ని అడగాల్సింది ఈ స్లిప్పే అనిపిస్తోంది.

మరీ పొగడను లెండి. మా టెక్సాస్‌లో తల్లిదండ్రులు వద్దని రాసివ్వకపోతే కొట్టడానికి చట్టం ఇప్పటికీ ఒప్పుకుంటుంది. చేరిన ఏడాది ఆ ఫారం చూసి మా ఆవిడ "మన ఊళ్ళోనే నయం" అంది.

బ్యాక్‌లాగ్_బాబు

అమెరికాలో బెత్తం, ఇక్కడ గడియ. మేం ఇంటర్ రెండేళ్ళు రెసిడెన్షియల్‌లో ఉన్నాం, పొద్దున అయిదున్నర నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్. నెలకోసారి ఔటింగ్, అదీ ర్యాంకు బాగుంటేనే. దానికి లక్షల్లో ఫీజు కట్టి మరీ ఉన్నాం. ఆ లెక్కన నన్ను డిటైన్ చేసినందుకు యూనివర్సిటీకి నేనే థాంక్స్ చెప్పాలి, ఇంట్లో పడుకున్నాను.

పెనమలూరు_పిల్ల

@బ్యాక్‌లాగ్_బాబు నవ్వొచ్చింది కానీ నిజం. మా హాస్టల్లో గేటుకి తాళం. ఒకమ్మాయికి అర్ధరాత్రి కడుపునొప్పి వస్తే తాళంచెవి ఉన్న వార్డెన్ దొరకలేదు. ఆ పిల్ల తెల్లారేదాకా అలాగే మెలికలు తిరిగింది. మర్నాడు మాకందరికీ చెప్పిన మాట, "ఇంట్లో చెప్తే మీకే ఔటింగ్ పోతుంది."

గట్టిగా_చెప్తా

అందరూ అతి చేస్తున్నారు. పిల్లలకి భయం లేకపోతే ఏమవుతారో చూస్తున్నాంగా. పదహారు పదిహేడేళ్ళ వాళ్ళు పెద్దవాళ్ళు చేసే నేరాలు చేసి "మైనర్" అని బయటికొస్తున్నారు. నిర్భయ కేసులో మైనర్‌కి మూడేళ్ళే కదా పడింది. చిన్నప్పుడు నోట్స్ రాయించి ఉంటే అంతదాకా వచ్చేది కాదు.

గోదారి_గట్టు

సోషల్ నోట్స్ నుంచి నిర్భయ కేసుకి ఒక్క గెంతులో వెళ్ళారు. హనుమంతుడు కూడా మధ్యలో మైనాకుణ్ణి ఒకసారి తాకి వెళ్ళాడండీ.

జేజేబీ_వసుధ

@గట్టిగా_చెప్తా గారూ, బాలనేరస్థుల బోర్డులో సామాజిక సభ్యురాలిగా పనిచేశాను. అందుకని జవాబు చెప్పాలనిపించింది.

మీరన్న కేసు 2012 నాటిది. దాని తర్వాతే చట్టం మారింది. 2015 జువైనల్ జస్టిస్ చట్టం 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉంది. పదహారు దాటి పద్దెనిమిది లోపు పిల్లవాడు ఘోరమైన నేరం చేశాడని ఆరోపణ వస్తే, అంటే కనీస శిక్షే ఏడేళ్ళో అంతకు మించో ఉన్న నేరమైతే, బోర్డు ముందు వాడి మానసిక స్థితి, నేరం ఫలితం అర్థమయ్యే శక్తి వాడికి ఉందా అన్నది అంచనా వేస్తుంది. ఆ తర్వాత పెద్దవాళ్ళ లాగే విచారించడానికి పంపొచ్చు. అప్పుడు కూడా ఉరి ఉండదు, బయటికొచ్చే దారి లేని యావజ్జీవమూ ఉండదు.

కానీ మా దగ్గరికి వచ్చే పిల్లల్లో అలాంటివాళ్ళు బహు తక్కువ. ఎక్కువ భాగం సెల్‌ఫోను, బైకు, ఇనప సామాన్లు, కొట్లాట. పిల్లవాణ్ణి పట్టుకుంటే లాకప్‌లో పెట్టకూడదు, సంకెళ్ళు వేయకూడదు, ప్రయాణం పోను 24 గంటల్లో బోర్డు ముందుకి తేవాలి, తల్లిదండ్రులకి వెంటనే కబురు పెట్టాలి. బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక సభ్యులు, వాళ్ళలో ఒకరు మహిళ. ఘోరమైన నేరం కాకపోతే, పెద్దవాళ్ళతో కలిసి చేసింది కాకపోతే ఎఫ్‌ఐఆర్ కూడా కట్టరు, స్టేషన్ డైరీలో రాస్తారు. ఎందుకు పట్టుకున్నారు, ఎప్పుడు, ఎవరికి చెప్పారు అన్నది ప్రతిదీ కాగితం మీద ఉండాలి.

ఇప్పుడు నిజాంపేట అమ్మ గారు చెప్పింది మళ్ళీ చదవండి. సెల్‌ఫోను దొంగిలించిన పిల్లవాడి కోసం అడిగే కాగితాల్లో ఒక్కటి కూడా నోట్స్ రాయని పిల్ల కోసం లేదు.

రిటైర్డ్_హెచ్‌ఎం

వసుధమ్మా, స్కూలునీ స్టేషన్‌నీ ఒకే గాటన కట్టడం మాత్రం నేను ఒప్పుకోను. టీచరు మీద అంత అనుమానం పెట్టుకుంటే బడి నడవదు. అన్నిటికీ కాగితం రాయమంటే పాఠం ఎప్పుడు చెప్తారు? ఇప్పటికే యాప్‌లో ఫొటోలు, హాజరు, భోజనం లెక్క, బాత్‌రూమ్ ఫొటోలు.

జేజేబీ_వసుధ

బాత్‌రూమ్ ఫొటోల విషయంలో మీతోనే ఉన్నాను మాస్టారూ.

అయితే స్కూలు కాగితం మా దగ్గర ఎంత బరువుందో ఒకటి చెప్తాను. పిల్లవాడి వయసు మీద తగువు వస్తే చట్టం ముందు అడిగేది స్కూలు ఇచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్ లేదా పదో తరగతి మెమో. అది లేకపోతే మున్సిపాలిటీదో పంచాయతీదో. ఏదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. మన ఊళ్ళలో ఒకటో తరగతిలో చేర్చేటప్పుడు పుట్టినతేదీ ఎలా వేసేవారో మీకు నేను చెప్పాలా? ఓ కేసులో తల్లి "వాడు సంక్రాంతికి పుట్టాడమ్మా, బయట భోగిమంట వేస్తున్నారు" అంటోంది. రిజిస్టర్‌లో జూన్ అని ఉంది. బడిలో చేరడానికి అయిదేళ్ళు నిండాలని ఎవరో వెనక్కి జరిపి రాశారు. ఆ తేదీ ప్రకారం పిల్లవాడు పదహారు దాటేశాడు, తల్లి లెక్క ప్రకారం దాటలేదు. ఎవరో మాస్టారు పెన్ను తీసి రాసిన ఆ ఒక్క నెల మీద వాడు ఏ కోర్టుకి వెళ్తాడన్నది ఆధారపడింది.

రిటైర్డ్_హెచ్‌ఎం

వేశామమ్మా. ఊరందరికీ జూన్ పుట్టినరోజులే. తల్లి తారీఖు చెప్పలేకపోతే ఏం చేస్తాం, "పెద్ద తుఫాను ఏడు" అంటే దాన్నిబట్టి లెక్కగట్టాలి.

బ్యాక్‌లాగ్_బాబు

మా ఫ్యామిలీ మొత్తం జూన్ 1న పుట్టింది. కేక్ ఖర్చు కలిసొస్తుంది.

లా_పాయింట్

వసుధ గారు చెప్పినదానికి అమెరికాలో ఒక పాత కేసు గుర్తొచ్చింది. లా స్టూడెంట్లందరూ చదివేదే. 1964లో అరిజోనాలో గెరాల్డ్ గాల్ట్ అని పదిహేనేళ్ళ అబ్బాయి. పక్కింటావిడకి బూతు ఫోన్ చేశాడని పొద్దున తీసుకెళ్ళారు. తల్లీ తండ్రీ ఇద్దరూ పనిలో ఉన్నారు, ఇంటి దగ్గర ఒక చీటీ కూడా పెట్టలేదు. సాయంత్రం ఆరింటికి తల్లి వచ్చి, పిల్లాడు కనపడక పెద్దకొడుకుని వెతకమని పంపితే అప్పుడు తెలిసింది. లాయరు లేడు, ఫిర్యాదు చేసినావిడ కోర్టుకి రాలేదు. ఇరవై ఒకటి నిండేదాకా బాలల జైల్లో ఉండమన్నారు. అంటే ఆరేళ్ళు. అదే పని పెద్దవాడు చేసి ఉంటే 5 నుంచి 50 డాలర్ల జరిమానా, లేదా రెండు నెలలకి మించని జైలు.

అన్నేళ్ళు వేసినా చెప్పిన మాట "ఇది శిక్ష కాదు, పిల్లవాడి మంచికే" అని. 1967లో అక్కడి సుప్రీం కోర్టు ఆ వాదన తోసేసింది. పిల్లలకీ నోటీసు ఇవ్వాలి, లాయరుండాలి, సాక్షిని ప్రశ్నించే హక్కుండాలి అంది. హ్యాండ్‌బుక్ చూపించిన ఆ ప్రిన్సిపాల్ గారు కూడా "పిల్ల మంచికే" అని అన్నారా లేదా? అనే ఉంటారు.

నిజాంపేట_అమ్మ

అక్షరాలా అదే మాట అండీ. "మీ పాప ఫ్యూచర్ కోసమే" అన్నారు.

డాలస్_దాసు

తీర్పు వచ్చినంత మాత్రాన ఇక్కడ అంతా బాగైపోలేదు. పెన్సిల్వేనియాలో లుజర్న్ కౌంటీ సంగతి తెలిసే ఉంటుంది. ఇద్దరు జడ్జీలు ప్రైవేటు బాలల నిర్బంధ కేంద్రాల వాళ్ళ దగ్గర 28 లక్షల డాలర్లు తీసుకున్నారు. పిల్లల్ని చిన్నచిన్న తప్పులకే లోపల వేశారు. స్కూల్లో వైస్ ప్రిన్సిపాల్ మీద ఎగతాళిగా ఇంటర్నెట్‌లో పేజీ పెట్టిన అమ్మాయి కూడా అందులో ఉంది. చాలామంది పిల్లలకి లాయరు లేడు, అక్కర్లేదని తల్లిదండ్రుల చేత సంతకం పెట్టించుకున్నారు. బయటపడ్డాక వేల కేసులు కొట్టేశారు. జడ్జీల్లో ఒకడికి 28 ఏళ్ళు, ఇంకొకడికి పదిహేడున్నర ఏళ్ళు పడ్డాయి. రెండోవాడి శిక్షని 2024 డిసెంబర్‌లో బైడెన్ తగ్గించాడు, దాని మీద ఆ ఊళ్ళో మళ్ళీ గొడవ.

సంతకం దగ్గరే మోసం జరుగుతుంది. అక్కా, ఆ హ్యాండ్‌బుక్ జిరాక్స్ తీసి పెట్టుకోండి.

ఖల్లివెల్లి_కాక

ఇంతసేపు సదువుతున్న. బడి ముచ్చట నాకు తెల్వదు గని, లోపల పెట్టుడు ముచ్చట తెలుసు. మాది జగిత్యాల దిక్కు. సౌదీల చానేండ్లు చేసిన. కఫీల్, అంటె వీసా ఇచ్చిన సేటు, జీతం ఇయ్యక బయటికెల్లి వేరేకాడ పనికి వోతె హురూబ్ వెట్టిండు. అంటె పారిపోయిండని రాసుడు. ఇగ ఇకామా, అంటె ఆడ ఉండే కార్డు, పనికిరాదు, నువ్వు ఖల్లివెల్లి, కాయిదం లేనోడివి. దొరికితె వాపస్ పంపేదాంక ఉంచే జైలు, తర్హీల్‌కు పంపుతరు.

ఆడ ఎవ్వడు కొట్టలె, అబద్ధం చెప్పద్దు. అన్నం వెట్టిండ్రు. గని ఎన్ని దినాలు ఉంచుతరో ఎవ్వడు చెప్పడు. ఎంబసీ నుంచి ఇంటికి వోయే కాయిదం, ఔట్‌పాస్ రావాలె, వేలిముద్ర వడాలె, కఫీల్ కేసు పెట్టిండా చూడాలె, టికెట్ పైసలు ఎవలు వెట్టాలె. జైలుకు వోయినోనికన్న తారీఖు ఎరుక ఉంటది, మాకు లేదు. ఫోన్లు గుంజుకున్నరు. నంబర్ నోటికొచ్చినోడు ఇంకొకని ఫోన్ అడిగి ఇంటికి చెప్పిండు. రానోడు అట్లనే కూసున్నడు. నేను బనీను లోపట దిక్కు పెన్నుతోని మా ఇంటిదాని నంబర్ రాసుకున్న, చెమటకు సగం చెరిగింది.

చెల్లె, మీ బిడ్డకు మీ నంబర్ నోటికొస్తదా? ముందు అది చూడు.

నిజాంపేట_అమ్మ

కాకా, ఇప్పుడే అడిగాను. వాళ్ళ నాన్న నంబర్‌లో చివరి అంకెలు తప్పు చెప్పింది. రాయించి గోడకి అంటించాను.

పెనమలూరు_పిల్ల

@ఖల్లివెల్లి_కాక ఆమ్నెస్టీ (జరిమానా లేకుండా ఇంటికి పోనిచ్చే గడువు) ఇచ్చినప్పుడు రాలేదా మరి?

ఖల్లివెల్లి_కాక

2013ల నితాఖత్, అంటె సౌదోళ్ళకు కొలువులు ఇయ్యాలనే రూలు, అప్పుడు సౌదీ ఇడిసిపెట్టింది బిడ్డ, అప్పుడే చానమంది ఇంటికొచ్చిండ్రు. నేను తర్వాత ఇరుక్కున్న. దుబాయ్ దిక్కు 2024ల సెప్టెంబర్ కెల్లి డిసెంబర్ ఆఖరు దాంక ఇచ్చిండ్రు, మా ఊరోళ్ళు జుర్మానా లేకుంట వచ్చిండ్రు. ఎప్పుడిస్తరో ఎవలకెరుక.

ఓపీటీ_ఒంటరి

కాక చెప్పిన "తారీఖు తెలియకపోవడం" చదివి రాస్తున్నాను. నా ఫ్రెండ్ ఇక్కడ అమెరికాలో స్టేటస్ పోయి ఇమిగ్రేషన్ వాళ్ళకి దొరికాడు. పెట్టింది మామూలు కౌంటీ జైల్లోనే, వేసింది వాళ్ళ బట్టలే. కానీ ఇది క్రిమినల్ కేసు కాదు, సివిల్. కాబట్టి ప్రభుత్వం లాయర్ని ఇవ్వదు, నువ్వే పెట్టుకోవాలి. హత్య కేసులో వాడికి ఉచితంగా లాయరు దొరుకుతాడు, వీసా పోయినవాడికి దొరకడు. బాండ్, అంటే డబ్బు కట్టి బయటికొచ్చే వీలు, ఇస్తే కనీసం 1,500 డాలర్లు, చాలాసార్లు అంతకి ఎన్నో రెట్లు, కొందరికి బాండ్ అర్హతే ఉండదు. మేం గ్రూపులో చందాలేసుకున్నాం. వాళ్ళమ్మకి మాత్రం "ఫోన్ పాడైంది" అని చెప్పాం. ఆవిడ రోజూ నాకు ఫోన్ చేసి "వాడు తింటున్నాడా బాబూ" అనేది.

2019 జనవరిలో ఫార్మింగ్టన్ గుర్తుందా? మిషిగన్‌లో ఇమిగ్రేషన్ వాళ్ళే పెట్టిన దొంగ యూనివర్సిటీ. మొదటి విడతలో దొరికిన 130 మందిలో 129 మంది మనవాళ్ళే, ఎక్కువమంది తెలుగువాళ్ళు. అంతకుముందు 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ. అది ప్రభుత్వం పెట్టింది కాదు, నడిపినావిడ జైలుకెళ్ళింది, కానీ మన పిల్లల కాళ్ళకి జీపీఎస్ పట్టీలు కట్టారు.

గట్టిగా_చెప్తా

ఫార్మింగ్టన్‌లో చేరినవాళ్ళు అమాయకులేం కాదు. క్లాసులు లేవు, ప్రొఫెసర్లు లేరు. డబ్బు కట్టి వర్క్ పర్మిట్ కొనుక్కున్నారు. తెలిసే చేసి దొరికాక ఏడిస్తే ఎలా?

ఓపీటీ_ఒంటరి

కొందరు తెలిసే చేరారు, కాదనను. దళారీలు ఎనిమిది మంది మీద కేసు పెట్టారు, వాళ్ళూ మనవాళ్ళే. కానీ ఆ పేరు ప్రభుత్వ వెబ్‌సైటులో గుర్తింపున్న కాలేజీల జాబితాలో ఉంది. మూడు నెలల టర్ముకి 2,500 డాలర్లు తీసుకున్నారు. క్లాసు ఎప్పుడు మొదలవుతుందని మెయిల్ పెట్టినవాళ్ళున్నారు. ఫీజు తిరిగివ్వమని స్టూడెంట్లు వేసిన దావాని కింది కోర్టు కొట్టేస్తే 2024లో పైకోర్టు మళ్ళీ తెరిపించింది. గాలం వేసినవాడిది కూడా తప్పు ఉందా లేదా?

గట్టిగా_చెప్తా

గాలం వేశాడని చేప తినడం మానుకోవచ్చుగా.

గోదారి_గట్టు

ఈయనతో వాదించడం కన్నా పులస కోసం గోదాట్లో దిగడం నయం.

జేజేబీ_వసుధ

ఓపీటీ గారు చెప్పింది మా బోర్డులోనూ చూస్తాం, వేరే రూపంలో. చట్టం ప్రకారం పిల్లలకి బెయిల్ రావడం తేలిక. నేరం బెయిలబులా కాదా అన్నదానితో పని లేదు, పూచీకత్తు లేకుండా కూడా ఇవ్వొచ్చు. అయినా పిల్లలు హోమ్‌లో ఉండిపోతారు. ఎందుకంటే తీసుకెళ్ళడానికి ఎవరూ రారు. తండ్రి తాపీ పనికి వేరే జిల్లాకి పోయి ఉంటాడు, తల్లికి కూలి పోతుంది, బస్సు చార్జీ ఉండదు. ఇంకొందరు "రెండు నెలలు ఉండనీయండమ్మా, బుద్ధొస్తుంది" అంటారు. ఆ రెండు నెలల్లో పక్క మంచంవాడి దగ్గర ఏం నేర్చుకుంటాడో వాళ్ళకి తెలియదు.

డాలస్_దాసు

ఇక్కడ ఇమిగ్రేషన్ కేసుల్లో పిల్లల్ని తల్లిదండ్రులతో కలిపి కూడా పెడతారు. మా టెక్సాస్‌లోనే డిల్లీ అనే ఊళ్ళో. మన ఢిల్లీ కాదండోయ్. వలస పిల్లల విషయంలో ప్రభుత్వం కోర్టులో ఒప్పుకున్న 1997 ఫ్లోరెస్ ఒప్పందం ప్రకారం పిల్లల్ని ఇరవై రోజులు దాటి ఉంచకూడదని కోర్టు లెక్క. ఆ కేంద్రం 2024లో మూసేశారు, 2025లో మళ్ళీ తెరిచారు.

నిజాంపేట_అమ్మ

అప్‌డేట్. నిన్న వెళ్ళాం. దాసు గారి స్లిప్పు సంగతి, లా_పాయింట్ గారి ఫీజు సంగతి రెండూ ఒక పేజీలో రాసి ఇచ్చి, రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకున్నా. ముద్ర వేయడానికే గంట ఆలోచించారు. గడియ గురించి "ఆయా పొరపాటు" అన్నారు. ఆయా పక్కనే నిలబడి ఉంది, ఆవిడ మొహం చూస్తే నాకే బాధేసింది. ఆవిడకి గడియ పెట్టమని ఎవరో చెప్పకుండా ఎందుకు పెడుతుంది?

ఇకమీద ముందురోజు డైరీలో రాస్తామన్నారు, అరగంట మించదన్నారు, లోపల టీచరు ఉంటారన్నారు. ఫీజు సంగతి ఎత్తితే మాత్రం "అలాంటిది మా దగ్గర జరగదు" అని కాగితం తిరగేశారు.

రిటైర్డ్_హెచ్‌ఎం

మంచి పని చేశారు. ఒకటి మాత్రం చూసుకోండి, డైరీలో రాసేది క్లాసు టీచరేనా, అడ్మిన్ వాళ్ళా. టీచరు పేరు పెట్టి రాయాల్సొస్తే సగం డిటెన్షన్లు ఆగిపోతాయి, ఈ మాట నా సర్వీసు మీద చెప్తున్నా. ఫీజు కోసం పిల్లని కూర్చోబెట్టమంటే ఏ టీచరూ ఇష్టపడి చేయడు. వాళ్ళకీ మేనేజ్‌మెంట్ నుంచి లిస్టు వస్తుంది. ఎవరైనా టీచరుని కలిసి మాట్లాడితే ఆ లిస్టు బయటికి రావచ్చు.

లా_పాయింట్

ముద్ర ఉన్న కాపీ జాగ్రత్త. "జరగదు" అన్న మాట కూడా వాళ్ళ చేత రాయించండి, ఒక్క లైను చాలు. మళ్ళీ జరిగితే మండల విద్యాధికారి ఎంఈఓకి రెండు కాగితాలూ కలిపి పెట్టొచ్చు.

పెనమలూరు_పిల్ల

అక్కా, పాపని టీచర్లు ఇప్పుడు వేరుగా చూస్తున్నారా? మా ఇంట్లో కంప్లయింట్ ఇచ్చాక మా చెల్లిని ఆ ఏడంతా ఫంక్షన్లలో స్టేజీ ఎక్కనివ్వలేదు.

నిజాంపేట_అమ్మ

ఇంకా తెలియదు. సోషల్ మేడమ్ మాత్రం నోట్స్ చూసి "గుడ్" పెట్టింది, పాపకి అదే అనుమానంగా ఉంది.

మియాపూర్_మణి

ఇన్నాళ్ళూ చదవడమే, రాయలేదు. ల్యాబ్ పక్క గది, ఆయా, హ్యాండ్‌బుక్ చివరి పేజీ సంతకం అన్నారు కదా, మా వాడి స్కూలూ ఇలాగే ఉంది. మా వాడిది ఎనిమిది, మాది రెండో టర్మ్ ఇంకా కట్టలేదు. అక్కా, మీ వ్యాను పసుపు రంగా, కూకట్‌పల్లి మీదుగా వస్తుందా? ప్రైవేటు మెసేజ్ పెట్టాను, చూడండి.